అరుపులన్నియు అపాయములు కావు

తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో సంచాలకులవారి సముఖమునకు, రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ వాస్తవ్యుడొకడు సవినయముగా వ్రాసికొను బహిరంగ లేఖ.

మాన్యులారా,

సైబరు నేరములను గూర్చి మీ బ్యూరోవారు చేయు ప్రబోధము మా పల్లెలవరకును చేరినది. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదనియు, ఎరుగని లింకును నొక్కరాదనియు, ఖాతాలోని సొమ్ము పోయినచో క్షణమైనను జాగుచేయక 1930కి ఫోను చేయవలయుననియు నేడు మా మండలమున బీడీలు చుట్టుకొను తల్లులకు సయితము తెలియును. ఇది సామాన్యమైన పని కాదు. అందులకు మిమ్ము ముందుగా అభినందించి, పిమ్మట వేరొక జాతి హెచ్చరికను గూర్చి కొంత విన్నవించుకొనదలచితిని. ఈ హెచ్చరికను పంపునది మీరు కారు, బ్యాంకువారును కారు. ఇంటిలోని కంప్యూటరే తెర కుడివైపు క్రిందిమూలనుండి దానిని పైకి తోయుచుండును. ఫలానా అంకెల చిరునామానుండి ఫలానా పోర్టునకు, అనగా కంప్యూటరులోని ఫలానా ద్వారమునకు, వచ్చిన సంధానయత్నమును దానికి కావలియగు ఫైర్‌వాల్ అడ్డగించినదని దాని సారాంశము. దినమునకొకటి వచ్చినచో చదివి ఊరకుందుము. గడియ గడియకును వచ్చుచున్నచో, ఎవరో పనిగట్టుకొని మన యింటిమీదనే కన్నువేసినారను భీతి ఎంతటి ధీరునికైనను కలుగక మానదు.

ముస్తాబాద్ వంటి చోట ఇంటింట కంప్యూటరు ఉన్నదని నేననను. కాని కరోనా కాలమున బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1నుండి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సయితము పాఠములు టీవీలలోను ఫోనులలోను సాగిన పిమ్మట, నెట్టు కనెక్షను విలాసవస్తువుల పట్టికనుండి జారి కరెంటు సరసన చేరినది. హైదరాబాదున కొలువు చేయు పిల్లలు ల్యాప్‌టాప్ చంక పెట్టుకొని వచ్చి, నెలలో సగము దినములు ఊరినుండియే పని చేసికొనుచున్నారు. ఇక సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల సంగతి మీకు విన్నవింప నక్కరలేదు: దుబాయిలోనో, బహ్రెయినులోనో, సౌదీలోనో ఉన్న ఇంటి యజమాని, రాత్రి పని ముగించుకొని, తన వాకిటిమీది కెమెరాను ఫోనులో చూచికొని నిద్రించుట ఇచట ఆచారమైనది. అట్టి యింట కంప్యూటరు తెరమీద ఎర్రని హెచ్చరిక యొకటి కనబడినప్పుడు భార్య భయపడి భర్తకు చెప్పును. భర్త వేలమైళ్ల దూరమున నుండి చేయగలిగినది లేక అన్నియు కట్టివేయుమనును. కొందరు దీనికి విపర్యయముగా వర్తింతురు. ఈ అరుపు భరింపలేక ఫైర్‌వాల్‌నే ఆపివేసి సుఖముగా నుందురు. భయపడువాని కంటె ఈ సుఖపడువానిని గూర్చియే నాకు చింత హెచ్చు.

ఈ హెచ్చరికల మూలమేదో చూతము. అంతర్జాలమున పాతపద్ధతి చిరునామాలు మొత్తము 429 కోట్లకు పైచిలుకు. వినుటకు పెద్దసంఖ్యయే గాని యంత్రమునకు ఇది పెద్ద లెక్క కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో జీమ్యాప్ అను సాధనమును వెలువరించి, వేగవంతమైన లైను కలిగిన ఒక్క కంప్యూటరునుండి ఈ చిరునామాలన్నిటిని, ఒక పోర్టు చొప్పున, ముప్పాతిక గంటలోపల తట్టి చూడవచ్చునని నిరూపించిరి. అట్లు తట్టి చూచువారు నేడు అసంఖ్యాకులు. అందు పరిశోధకులు కలరు. 2009నుండి షోడాన్ వలె లోకములో ఏయే యంత్రములు బయటికి కనబడుచున్నవో జాబితా కట్టు సంస్థలు కలవు. నిక్కముగా దొంగలును కలరు. అన్నిటికంటె హెచ్చుగా, పురుగు పట్టి తమ యజమానికే తెలియకుండ ఇతరులను తట్టుచున్న అమాయకుల కంప్యూటర్లు కలవు. వీరిలో ఎవ్వరికిని ముస్తాబాద్ అను ఊరున్నదని తెలియదు. అంకెల వరుసలో మన అంకె వచ్చినది, తట్టిరి, తరువాతి అంకెకు సాగిపోయిరి. పరిశోధకులు ఈ ఎడతెగని రొదను 2004లోనే అంతర్జాలపు నేపథ్య వికిరణముగా వర్ణించి, కొలిచి చూపిరి. నాటికిని నేటికిని అది పెరిగినదే గాని తరుగలేదు.

దీనిలో కొంతభాగము ప్రాతకాలపు ఉపద్రవముల శేషము. 2003 జనవరి 25న స్లామర్ అను పురుగు పుట్టి, 1434వ పోర్టు మార్గమున, పది నిమిషములలోపల తనకు లొంగదగిన యంత్రములలో నూటికి తొంబదిపాళ్లను ఆక్రమించినది. దానికి మందు మైక్రోసాఫ్టు సంస్థ అంతకు ఆరునెలల ముందే విడుదల చేసియుండెను, పలువురు వేసికొనలేదు. 2017 మే నెలలో వాన్నాక్రై 445వ పోర్టు వెంట దేశదేశముల ఆసుపత్రులను, కార్ఖానాలను స్తంభింపజేసి, పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను కొన్నింటిని కూడ పట్టుకొన్నప్పుడును కథ ఇదియే: మందు మార్చిలోనే వచ్చియుండెను. కావున 445 అను అంకెతో హెచ్చరిక వచ్చినప్పుడు మనము తెలిసికొనవలసినది, ఎవడో మనకు శత్రువైనాడని కాదు. వెనుకటి పురుగులును, వాని పద్ధతిని అనుకరించు క్రొత్త పురుగులును ఇంకను లోకములో తిరుగుచున్నవని, మన కంప్యూటరు వానిని లోనికి రానీయలేదని మాత్రమే. అడ్డగింపబడినదని చెప్పు వార్త శుభవార్తయే కదా! అడ్డగింపబడనిది వచ్చినచో ఫైర్‌వాల్ నోరే విప్పదు.

మరికొన్ని హెచ్చరికలకు పురుగులతో సయితము సంబంధము లేదు. మనము ఒక సైటు తెరచి, అది పూర్తిగా రాకముందే విసిగి మూసివేసితిమనుకొనుడు. ఆ సర్వరు పంపిన ప్రత్యుత్తరము ఆలస్యముగా వచ్చి చేరును. అడిగిన సంగతి అప్పటికే మరచియున్న ఫైర్‌వాల్, ఇది అడుగకయే వచ్చినదని అడ్డగించి మనకు ఫిర్యాదు చేయును. అట్లే కనెక్షను ఇచ్చువారు మనకిచ్చు చిరునామా శాశ్వతము కాదు. నిన్నటిదాక దానిని వాడిన వేరొకరు సినిమాలు పంచుకొను నెట్‌వర్కులో ఉండినచో, వారి కొరకు వెదకుచున్న కంప్యూటర్లన్నియు నేడు మనలను పిలుచుచుండును. చెప్పవలసినంత చిత్రమైన సంగతి ఇంకొకటి కలదు. ఇంటిలో వైఫై రౌటరు ఉన్నచో, బయటివారి తట్టుడు సామాన్యముగా ఆ డబ్బా వద్దనే ఆగిపోవును, వెనుకనున్న కంప్యూటరువరకు రానే రాదు. అయినను కంప్యూటరు అరచుచున్నచో ఆ చిరునామాను ఒకపరి పరికింపవలయును. అది 192.168తో మొదలైనచో ఆ ఆగంతకుడు మన యింటివాడే! ముందుగదిలోని టీవీ, మూలనున్న ప్రింటరు, పిల్లవాని ఫోను, ఇవి తమతమ ఉనికిని 1900, 5353 వంటి పోర్టులలో చాటుకొనుచు ఒండొంటిని వెదకుకొనుట స్వభావము. తన యింటి టీవీకి జడిసి తీగ పీకివేసిన గృహస్థులు మా ప్రాంతమున ఎందరో యుందురని నా అనుమానము.

ఈ గొడవలో వ్యాపారస్వార్థము లేకపోలేదనియు చెప్పవలయును. విండోసులో ఫైర్‌వాల్ 2001లోనే ఉండినను, 2004 ఆగస్టులో ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకు వచ్చువరకు అది తనంత తాను మేలుకొని యుండెడిది కాదు. ఆ తరువాతనుండి మేలుకొనియే యున్నది, బయటినుండి వచ్చు తట్టుళ్లను మారుమాటాడక త్రోసిపుచ్చుచున్నది. డబ్బు పుచ్చుకొని అమ్ము రక్షణసామగ్రికి మాత్రము ఈ మౌనము గిట్టదు. ఊరకున్నచో వచ్చే యేడు చందా కట్టువాడెవ్వడు? ప్రతి తట్టును ఒక విజయముగా ప్రకటించి, ఇన్నివందల దాడులనుండి మిమ్ము కాపాడితినని అది లెక్క చెప్పుచుండును. ఆ లెక్కలో అబద్ధము లేదు, అర్థమును లేదు.

సిరిసిల్లలో సాంచాలు, అనగా మరమగ్గములు, నడుచు షెడ్డులోనికి క్రొత్తవాడు పోయినచో ఆ హోరునకు చెవులు మూసికొనును. అక్కడనే పెరిగిన కార్మికుడు నాలుగైదు సాంచాల నడుమ నిలిచి, వానిలో ఒక్కటి పోగు తెగి ఆగినచో వెనుదిరుగకయే గుర్తించును. హోరు అతనికి వినబడదు, హోరులోని మార్పు వినబడును. ఫైర్‌వాల్ విషయమున మన ప్రజలకు అలవడవలసిన విద్య ఇదియే గాని, ప్రతి చప్పుడునకు ఉలికిపడుట కాదు.

ఏది మార్పు? బయటినుండి లోనికి వచ్చు యత్నము అడ్డగింపబడుట హోరు. లోపలనున్న ప్రోగ్రాము ఏదో బయటివారితో మాటలాడుటకు, లేక బయటివారిని లోనికి పిలుచుకొనుటకు అనుమతి అడుగుట మార్పు. విండోసు ఫైర్‌వాల్ తానై పెట్టె తెరచి మనలను ప్రశ్నించునది ముఖ్యముగా ఈ రెండవ సందర్భముననే: ఒక ప్రోగ్రాము బయటి పిలుపులకొరకు చెవియొగ్గి కూర్చుండదలచినది, ఇంటి నెట్‌వర్కులో అనుమతింతువా, బహిరంగ నెట్‌వర్కులో కూడ అనుమతింతువా అని. అప్పుడే మనమొక గేము గాని, వీడియో కాల్ సాధనము గాని పెట్టుకొనియున్నచో ఆ ప్రశ్న సహజమే. ఏమియు పెట్టుకొనక, ఏమియు తెరువక, పేరైనను ఎరుగని ప్రోగ్రాము అర్ధరాత్రి అనుమతి అడిగినచో అది పోగు తెగిన చప్పుడు. కాదని చెప్పి, నెట్టు ఆపి, యాంటీవైరసుతో పూర్తిగా వెదకింపవలయును. పురుగు పట్టిన యంత్రములను ఉచితముగా శుద్ధిచేయు సాధనములను కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ సైబర్ స్వచ్ఛతా కేంద్రము ద్వారమున 2017 ఫిబ్రవరినుండి ఇచ్చుచున్నది. ఆ సంగతి ఎరిగినవారిని మా మండలమున వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మన ప్రజల దౌర్భాగ్యమేమనగా, వందసార్లు వచ్చిన హోరునకు జడిసి జడిసి విసిగినవారు, నూటొకటవ మారు వచ్చిన ఈ నిజమైన ప్రశ్నకు చదువకయే అనుమతించు బటను నొక్కివేయుదురు.

అసలైన అపాయము అరవదు. దుబాయినుండి చూడబడు కెమెరాను గూర్చి పైన చెప్పితిని. దానిని బిగించువాడు, యజమానికి దూరమునుండి కనబడుటకై రౌటరులో ఒక పోర్టు తెరచి, కంపెనీ పెట్టిన అడ్మిన్ అను పేరును అడ్మిన్ అను పాస్‌వర్డును అట్లే వదలి, కూలి పుచ్చుకొని పోవును. కెమెరాకు ఫైర్‌వాల్ లేదు, తెర లేదు, హెచ్చరించు నోరు లేదు. 2016లో మిరాయ్ అను పురుగు అరువదికి పైగా ఇట్టి ఫ్యాక్టరీ పేర్లను, పాస్‌వర్డులను మాత్రమే వల్లించుచు లోకములోని కెమెరాలను, రికార్డరు డబ్బాలను లక్షలకొలది లోబరచుకొని, అక్టోబరు 21న అమెరికాలో పేరుపొందిన సైటులను గంటలకొలది అందకుండ జేసినది. అది వ్రాసినవారు ఏ శత్రుదేశపు సైనికులో కారు, ముగ్గురు కుర్రవాండ్రు. మరుసటి యేడు జులైలో ఇట్టి ఉపద్రవము మన దేశమునకే వచ్చినది: బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు వాడుకరుల మోడెములు వేలసంఖ్యలో ఒక మాల్వేరు బారిన పడగా, డీఫాల్టు పాస్‌వర్డు మార్చనివే దానికి లోబడినవని ఆ సంస్థ ప్రకటించి, వెంటనే మార్చుకొమ్మని వాడుకరులను కోరినది. తెరమీద నూరు హెచ్చరికలను చూచి వణకినవాడు, తన వాకిటిమీది కెమెరా పాస్‌వర్డు ఏమని అడిగినచో తెల్లమొగము వేయును. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29నుండి ఇట్టి సార్వత్రిక పాస్‌వర్డుతో గృహోపకరణమును అమ్ముటయే చట్టవిరుద్ధము. మనదేశమునను సీసీ కెమెరాలకు భద్రతాపరీక్ష విధించిరి, మంచిదే. కాని అంతకు పూర్వము కొని గోడలకు బిగించినవి గోడలమీదనే యున్నవి.

ఇక కపట హెచ్చరికలను గూర్చి మీకు నేను చెప్పుట సూర్యునికి దివిటీ పట్టుట. అయినను ఈ లేఖ చదువు గృహస్థులకొరకు నాలుగు మాటలు. ఏదో సినిమా సైటులో తెలియక అనుమతి బటను నొక్కినందున, బ్రౌజరు తనంత తాను తెర మూలకు ఎర్రని చీటీలు పంపును: మీ ఫైర్‌వాల్ విరిగినది, మీ ఫోటోలు పోవుచున్నవి, ఈ నంబరునకు ఫోను చేయుడు అని. నిజమైన ఫైర్‌వాల్ ఎన్నడును ఫోను నంబరు ఇయ్యదు. తన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదని మైక్రోసాఫ్టు సంస్థయే పలుమారులు చాటినది. ఆ నంబరునకు ఫోను చేసినచో అవతలివాడు మర్యాదగా మాటలాడి, దూరమునుండి తెర చూపు ఎనీడెస్క్ వంటి యాప్‌ను పెట్టించును. ఆ యాప్ పేరు చెప్పియే రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో బ్యాంకులను హెచ్చరించినది. ఈ విద్యలో మన దేశమువారే లోకమునకు గురువులగుట సిగ్గుచేటు: 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర రెండవ విడతలో 76 చోట్ల సోదాలు జరిపినప్పుడు, అందలి కేసులలో కొన్ని మైక్రోసాఫ్టు, అమెజాన్ సంస్థల పేరుతో విదేశీయులను వంచించిన కాల్ సెంటర్లపై పెట్టినవే. హోరునకు జడియుట అలవాటైన మనసు ఈ కపటపు చీటీకి సులభముగా లొంగును. అందుచేతనే నిజమైన హెచ్చరికలయందలి అజ్ఞానమును నేను కేవలము కాలహరణముగా ఎంచక, మోసగాండ్రకు మూలధనముగా ఎంచుచున్నాను.

కొందరు చదువుకొన్న యువకులు హెచ్చరికలోని అంకెల చిరునామాను పట్టుకొని, అది చైనాదనియు, రష్యాదనియు, దాని యజమానిమీద పోలీసు ఫిర్యాదు చేయవలయుననియు ఉత్సహింతురు. ఆ చిరునామా వెనుక నుండునది పలుమారులు పురుగు పట్టిన ఎవరిదో కెమెరా. దాని యజమాని సయితము ఒక దుబాయి వలసకూలియే కావచ్చును. చట్టమును ఇట్లు ప్రతి తట్టుమీదికి ఉసికొల్పుట ప్రభుత్వమునకును సమ్మతము కాదు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో, సంస్థలు ఆరుగంటలలోపల తెలుపవలసిన ఘటనల పట్టికయందు, కీలకమైన నెట్‌వర్కులను గురిచేసికొని సాగు స్కానింగును చేర్చిరే గాని, గురి లేక లోకమంతటను తిరుగు స్కానింగును చేర్చలేదు. ఆ వివేకమే ఇంటింటికిని అందవలయునని నా కోరిక.

అందుచేత మీకు నా మనవి. గ్రామములకు ఫైబరు తీసికొనిపోవు టీ-ఫైబర్ పథకము 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ వంటి కొన్ని యూళ్లలో ప్రయోగముగా మొదలైనది. నేడో రేపో మా మండలపు నామాపూర్, పోతుగల్, ఆవునూరు ఇండ్లకును అది రావచ్చును. ఆ తీగ ఇంటిలోనికి వచ్చు దినమే మంచి ముహూర్తము. కనెక్షను బిగించువాడు రౌటరు పాస్‌వర్డును ఇంటివారి ఎదుటనే మార్పించి, క్రొత్తది వారిచేతనే కాగితముమీద వ్రాయించి గాని కదలరాదను నియమమును, ప్రభుత్వ ప్రైవేటు భేదము లేక కనెక్షను ఇచ్చు వారందరితోడను మాటలాడి మీరు ఏర్పరుపవచ్చును. కెమెరాలు బిగించువారికి ఒక్కపూట శిక్షణ ఇచ్చుట జిల్లా పోలీసులకు భారము కాదు. వీనితోపాటు, అడ్డగింపబడినదను వార్తకును, అనుమతి అడుగు ప్రశ్నకును, ఫోను నంబరు గల కపటపు చీటీకిని గల భేదమును, తెర బొమ్మలతో, పల్లెవారు చదువుకొను తెలుగులో, ఒక్క పుటలో అచ్చువేయించి మీసేవా కేంద్రముల గోడలమీదను, బడులలోను అంటింపుడు. భయపెట్టు పోస్టర్లు ఇప్పటికే చాలినన్ని ఉన్నవి. వాని ప్రక్కన భయపడనక్కరలేనిదేదో చెప్పు కాగితము ఒక్కటియు లేదు.

చదువరులకు ఒక మాట. ఈ పుట అచ్చగువరకు ఆగనక్కరలేదు. ఫైర్‌వాల్‌ను ఆపియుంచినవారు ఈ పూటయే దానిని మరల మేలుకొలుపుడు, అరుపు విసిగించినచో అరచుటను మాత్రము సెట్టింగులలో ఆపుడు. అది మౌనముగానే అడ్డగించుచుండును. తరువాత మీ వాకిటిమీది కెమెరా పాస్‌వర్డు మార్చుకొనుడు. అది ఏమో తెలియనిచో, బిగించినవానిని పిలిపించి, మీ ఎదుటనే మార్పింపుడు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
ముస్తాబాద్ వాస్తవ్యుడొకడు